కాలే వాసన వస్తే ఊరుకోకండి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేటా ఈ వేదిక మీద పెద్దలు పిల్లల చదువుల గురించి, పెళ్ళి ఖర్చులు తగ్గించుకోవడం గురించి చక్కగా చెబుతూ ఉంటారు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మీ పని గురించి నాలుగు మాటలు చెప్పండి, ఇళ్లలో ఆడవాళ్లకి పనికొస్తాయి" అన్నారు. మేము ఉపన్యాసకులం కాము. అన్నదమ్ములం ఇద్దరం రాజమండ్రిలో ఒక చిన్న షాపు పెట్టుకుని ముప్పై యేళ్లకు పైగా రేడియోలు, టేపు రికార్డర్లు, టీవీలు, మిక్సీలు, ఆ తర్వాత ఇన్వర్టర్లు, సెల్‌ఫోన్లు బాగుచేసి బతికినవాళ్లం. చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే మాకు మాట తిన్నగా రాదు. తప్పులుంటే మన్నించవలసిందిగా మనవి.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకుంటాము. అది చెప్పకుండా మీకు జాగ్రత్తలు చెప్పే అర్హత మాకు లేదు.

1990లలో జరిగిన సంగతి. ఒక ఖాలా మా షాపుకి కలర్ టీవీ పట్టించుకొచ్చింది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న కొడుకు తెచ్చిన టీవీ. "ఫ్యూజు మాటిమాటికీ పోతోంది బాబూ" అంది. విప్పి చూశాం. లోపల కరెంటు సరఫరా చేసే భాగంలో ఒక కండెన్సరు ఉబ్బి ఉంది. అది మార్చాలి. ఆ పార్టు మా దగ్గర లేదు, మద్రాసు నుంచి రావాలి. ఆవిడ ఇంట్లో పది రోజుల్లో కూతురి పెళ్ళి. చుట్టాలు వస్తారు, టీవీ లేకపోతే బాగుండదు అంది. ఆవిడ మొహం చూసి మేము ఫ్యూజు ఉండే చోట లావుపాటి రాగి తీగ చుట్టి ఇచ్చేశాం. "పెళ్ళి అయ్యాక తీసుకురండి, అప్పటిదాకా నడుస్తుంది" అన్నాం. డబ్బులు కూడా తీసుకోలేదు. ఉపకారం చేశామనే అనుకున్నాం.

ఆ టీవీ పెళ్ళిదాకా నడవలేదు. నాలుగు రోజులు ముందే, రాత్రి పూట, వెనక నుంచి పొగ వచ్చింది. ఎవరో కంగారులో బిందెడు నీళ్లు పోశారు. ప్లగ్గు ఇంకా గోడకే ఉంది. నీళ్లు పోసిన కుర్రాడికి షాకు కొట్టి అవతల పడ్డాడు. ఈలోగా కర్టెను అంటుకుంది, కర్టెను నుంచి తాటాకు కప్పుకి పాకింది. తాటాకు ఇల్లు కాలడానికి ఎంతసేపు పడుతుందో గోదావరి జిల్లాల్లో వేసవి చూసినవాళ్లకి మేము చెప్పనక్కరలేదు. అల్లాహ్ దయవల్ల మనుషులంతా బయటపడ్డారు. పెళ్ళికూతురి బట్టల పెట్టె మాత్రం మిగల్లేదు.

వారం తర్వాత ఖాలా మా షాపుకి వచ్చింది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. బల్ల మీద కూర్చుని ఒకే మాట అడిగింది: "పొగ వచ్చినప్పుడు ఏం చెయ్యాలి బాబూ? మాకు ఎవరూ చెప్పలేదే!"

మా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇవాళ మేము చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకి జవాబే.

ఫ్యూజు అనేది ఇంటికి కాపలావాడు. తీగలో కరెంటు మోతాదు మించితే అది తాను కరిగిపోయి ఇంటిని కాపాడుతుంది. ఫ్యూజు పోయిందంటే లోపల ఎక్కడో దొంగ ఉన్నాడని కాపలావాడు కేక వేసినట్టు. మేము చేసిన పని ఏమిటంటే, కాపలావాడి నోట్లో గుడ్డలు కుక్కడం. ఈ రోజుల్లో ఫ్యూజుకి బదులు ఎమ్.సి.బి. స్విచ్చి వచ్చింది. అది మాటిమాటికీ పడిపోతుంటే, "ఇంకా పెద్దది వెయ్యి" అని ఎలక్ట్రీషియనుతో అంటున్నాం. తీగ మార్చకుండా పెద్ద స్విచ్చి వేయడమూ, మేము లావు తీగ చుట్టడమూ ఒకటే.

ఒక చిన్న లెక్క. మన ఇళ్లలో మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. నీళ్లు కాచే రాడ్డు 1500 వాట్లు ఉంటే, 230 వోల్టుల దగ్గర అది ఒక్కటే సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇస్త్రీపెట్టె కూడా పెడితే ఇంకో నాలుగు. తీగలో కరెంటు రెట్టింపయితే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. రంజాన్ నెలలో సహరీ వేళ నిద్రమత్తులో ఇండక్షన్ పొయ్యి, కెటిల్, నీళ్ల రాడ్డు అన్నీ ఒకే బోర్డుకి తగిలించే ఇళ్లు మేము చూశాం. దయచేసి అలా చేయకండి. అలాంటి వాటికి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు విడిగా వేయించుకోండి.

ఇక బ్యాటరీల సంగతి. మా కాలంలో వస్తువు ప్లగ్గుకి ఉంటేనే భయం. ఇప్పుడు అలా కాదు. లిథియం బ్యాటరీ తనలోనే నిప్పు దాచుకుని మన జేబులో, దిండు కింద, మంచం పక్కన ఉంటోంది. దాని లోపల రెండు రేకుల మధ్య కాగితం కంటే పల్చని పొర ఒకటి ఉంటుంది. కింద పడో, నీళ్లు తగిలో, తయారీ లోపం వల్లో, సరిపడని చార్జరు వల్లో ఆ పొర దెబ్బతింటే రేకులు లోపలే కలుస్తాయి. అప్పుడు పుట్టిన వేడి పక్క భాగాన్ని వేడెక్కిస్తుంది, అది దాని పక్కదాన్ని. గడ్డివాములో నిప్పు పాకినట్టు పాకుతుంది. స్విచ్చి ఆపినా ఆగదు, ఎందుకంటే ఆ నిప్పుకి బయటి కరెంటుతో పని లేదు. పైగా వచ్చే పొగ విషం.

ఇవి మన ఊళ్లకు దూరపు కబుర్లు కావు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ విప్పి రాత్రి గదిలో చార్జింగు పెట్టారు. అది పేలి 80 యేళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ వారంలోనే, ఏప్రిల్ 23న, మన పక్కనే విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగు పెట్టిన బండి బ్యాటరీ పేలింది. ఇంటి యజమాని చనిపోయాడు, భార్యాపిల్లలకు గాయాలయ్యాయి. ఆ బండి కొన్నది ముందురోజేనట. అదే సంవత్సరం సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ బండ్ల షోరూములో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలోకి పొగ కమ్మి 8 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లెవరూ ఆ బండ్లు కొన్నవాళ్లు కారు, పైన బస చేసినవాళ్లు. 2025 మే 18న చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో తెల్లవారుజామున ఇల్లు అంటుకుని 17 మంది పోయారు. అందులో చిన్న పిల్లలు ఎనిమిది మంది. షార్టు సర్క్యూటే కారణమై ఉంటుందని అధికారులు అన్నారు. ఇరుకు దారి, ఎక్కువమందిని తీసుకుపోయింది మంట కాదు, పొగ.

మన కోనసీమవాళ్లకి పెద్ద మంటలు తెలియనివి కావు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలు దాటి మండింది. 2014లో నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి తెల్లవారేసరికి ఇళ్లకి ఇళ్లు మాడిపోయాయి. ఆ మంటలు మన చేతిలో లేనివి. ఇంట్లో చార్జరు పెట్టే మంట మన చేతిలో ఉన్నది. అదే తేడా.

పాడైన వస్తువు చాలాసార్లు నిప్పు పెట్టే ముందు నోటీసు ఇస్తుంది. ఆ నోటీసు చదవడం నేర్చుకోండి. ఫోను వెనక మూత లేచినా, బల్ల మీద పెడితే బొంగరంలా తిరిగినా బ్యాటరీ ఉబ్బినట్టు. దానికి రబ్బరు బ్యాండు వేసి వాడేవాళ్లని మేము ఎంతమందిని చూశామో! వాడకుండానే వస్తువు వేడెక్కడం, ప్లాస్టిక్ కాలిన వాసన, చేపలు కుళ్లినట్టు వాసన, ప్లగ్గు దగ్గర గోధుమరంగు మచ్చ, స్విచ్చి వేస్తే చిటపటమనడం, ముట్టుకుంటే చిన్నగా జిల్లుమనడం, ఇన్వర్టరు బ్యాటరీ దగ్గర కుళ్లిన గుడ్డు వాసన, ఇవన్నీ నోటీసులే. వాసన వచ్చి పోయింది గదా అని ఊరుకోకండి. వాసన పోయిందంటే జబ్బు నయమైందని అర్థం కాదు.

మన ప్రాంతానికి ఇంకో మూడు బెడదలున్నాయి. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి ప్లగ్గులోని ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టినచోట కరెంటు తిన్నగా పారదు, అక్కడ వేడి పుడుతుంది. యేడాదికోసారి మెయిను ఆపి, ఎలక్ట్రీషియను చేత ప్లగ్గులు విప్పించి చూపించుకోండి. రెండోది వరద. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చినప్పుడు లంక గ్రామాల్లో ఇన్వర్టర్లు, ఫ్రిజ్‌లు, బండ్లు రోజుల తరబడి మునిగాయి. నీళ్లు తీశాక ఎండలో ఆరబెట్టి స్విచ్చి వేసినవాళ్లున్నారు. పైకి ఆరుతుంది గాని లోపల బురద, తడి మిగులుతాయి. మునిగిన లిథియం బ్యాటరీ కొన్నాళ్ల తర్వాత కూడా అంటుకోవచ్చు. మునిగిన వస్తువుని మెకానిక్ విప్పి చూసేదాకా ప్లగ్గుకి తగిలించకండి. మూడోది ఎలుక. వరి కోతలయ్యాక పొలాల్లోంచి ఇళ్లలోకి వచ్చి అటక మీద వైర్లు కొరుకుతుంది.

ఎలుక అంటే గుర్తొచ్చింది. పడుకునే ముందు దీపాలు ఆర్పమని, ఎలుక ఒత్తిని లాక్కుపోయి ఇంటిని తగలబెట్టవచ్చునని మన ప్రవక్త (స) వారు చెప్పిన సంగతి మౌలానాగారు మాకంటే బాగా చెప్పగలరు. పధ్నాలుగు వందల యేళ్లనాటి మాట. ఒత్తి పోయి వైరు వచ్చింది, అంతే. పడుకునే ముందు చార్జర్లు తీసెయ్యడం, టీవీని రిమోటుతో కాక గోడ దగ్గర ఆపడం ఆ మాట పాటించడమే అవుతుందని మా అల్పబుద్ధికి తోస్తోంది.

ఇక ఖాలా అడిగిన ప్రశ్న. పొగ వస్తే ఏం చెయ్యాలి?

ఒకటి. కరెంటు ఆపాలి. మండుతున్న వస్తువు మీద చెయ్యి వేసి ప్లగ్గు పీకకండి. మెయిన్ స్విచ్చి ఆపండి. మెయిను ఎక్కడుందో ఇంట్లో పదేళ్లు దాటిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తెలియాలి. దాని ముందు బియ్యం బస్తాలు, బీరువాలు పెట్టకండి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిను ఆపినా ఇన్వర్టరు నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్ని కూడా ఆపాలి.

రెండు. మనుషులు బయటికి. ముందు పిల్లలు, ముసలివాళ్లు, జబ్బుమనుషులు. పొగ పైకి లేస్తుంది కాబట్టి వంగి నడవండి, అవసరమైతే పాకండి. బయటికి వస్తూ ఆ గది తలుపు మూసెయ్యండి. తలుపు మూస్తే పొగకి, మంటకి అడ్డం పడుతుంది. బంగారం కోసం, కాగితాల కోసం మళ్లీ లోపలికి వెళ్లకండి.

మూడు. 101కి గాని, 112కి గాని ఫోను చెయ్యండి. ఊరు, వీధి, దగ్గర గుర్తు స్పష్టంగా చెప్పండి. ఒక కుర్రాణ్ణి వీధి మొగలో నిలబెట్టండి. మన సందుల్లో అగ్నిమాపకం బండి దారి వెతుక్కునే లోపల చాలా నష్టం జరుగుతుంది. స్తంభం దగ్గరే మంటలొస్తే 1912కి చెప్పండి, మీరు ముట్టుకోకండి.

నాలుగు. మంట చిన్నదై, మీ వెనక బయటికి దారి ఉంటేనే ఆర్పే ప్రయత్నం చెయ్యండి. కరెంటు ఉన్న వస్తువు మీద నీళ్లు పోయకూడదు. పొడి ఇసుకో, పొడి చల్లే సిలిండరో వాడాలి. ఫోను లాంటి చిన్న బ్యాటరీ అయితే, ప్లగ్గు నుంచి విడిపోయి ఉంటే, దూరంగా నిలబడి నీళ్లు ధారాళంగా పోయవచ్చు. వేడి దిగితేనే అది ఆగుతుంది. ఆగినట్టు కనిపించి మళ్లీ అంటుకుంటుంది, అందుచేత ఇంట్లోకి తేకండి. ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ అంటుకుంటే మాత్రం అది మన శక్తికి మించినది. పరుగెత్తడమే పని.

ఐదు. ఒళ్లు కాలితే పారే చల్లని నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు, సిరా, నూనె రాయకండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి.

మంట రాలేదు, వస్తువు ఉబ్బింది, లేదా పొగ వచ్చి ఆగింది. అప్పుడేం చెయ్యాలి? చార్జింగు పెట్టకండి. గుచ్చి గాలి తియ్యకండి. కట్టెల పొయ్యిలోనో, చెత్తకుప్పలోనో వెయ్యకండి. గచ్చు మీద, అంటుకునే వస్తువులకు దూరంగా, ఇంటి బయట పెట్టి కొన్నచోటికో, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లకో అప్పగించండి. బిల్లు, ఫొటోలు దాచుకోండి.

లోపం వస్తువుదైతే అడగడానికి సిగ్గుపడకండి. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ తన బి.ఎల్-5సి రకం బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షలు వేడెక్కే అవకాశం ఉందని తానే ప్రకటించి, ఉచితంగా మారుస్తామంది. ఆ వారం మా షాపు ముందు తిరునాళ్లలా జనం. ఒక పెద్దాయన ఫోనుని తడిగుడ్డలో చుట్టి చెయ్యి చాచి పట్టుకొచ్చాడు! బ్యాటరీ వెనక నంబరు చదివి, ఇది ఆ జాబితాలోది కావచ్చు, కాకపోవచ్చు అని కంపెనీవాళ్ల దగ్గరికి పంపించడమే మా పని. 2016లో శామ్‌సంగ్ నోట్ 7 ఫోన్లని మార్చి ఇచ్చినా, మార్చిన ఫోన్లు కూడా అంటుకునేసరికి తయారీయే మానేశారు. అంత పెద్ద కంపెనీలకే తప్పు జరిగింది. మరి సంతలో పేరూ ఊరూ లేని చార్జరు మాటేమిటి? కొనేటప్పుడు ప్రభుత్వ ప్రమాణ సంస్థ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూడండి. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే నిజమో కాదో తెలుస్తుంది, మన పిల్లలు నిమిషంలో చూసి పెడతారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వల్ల నష్టం జరిగితే తయారుచేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి, బాగుచేసినవాణ్ణి కూడా నష్టపరిహారం అడగవచ్చు. బాగుచేసినవాణ్ణి అంటే మాలాంటివాళ్లని. ఖాలా మా మీద కేసు వేసి ఉన్నా న్యాయమే. 1915 నంబరుకి ఫోను చేస్తే దారి చెబుతారు.

చివరిగా ఒక కటువైన మాట. పెద్దలు కోపగించుకోకండి. మన ఇళ్లలో పాడైన వస్తువుని ఏం చేస్తాం? పనిమనిషికి ఇస్తాం, పేద చుట్టానికి ఇస్తాం, మన సంఘానికే విరాళంగా ఇస్తాం. "కొంచెం వేడెక్కుతుంది గాని పనిచేస్తుంది" అంటాం. మన ఇంట్లో ఉంచుకోవడానికి భయపడిన వస్తువుని తాటాకు ఇంటికి పంపిస్తే అది దానం కాదు. మేము డబ్బులు తీసుకోకుండా చేసిన ఉపకారం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే.

అందుచేత కార్యవర్గం వారికి మూడు విన్నపాలు. విరాళంగా వచ్చే కరెంటు వస్తువు ఏదైనా మేము చూసి సరే అన్నాకే ఇతరులకు ఇవ్వండి. సంఘం హాలులో, కుట్టు శిక్షణ గదిలో మంటలార్పే సిలిండరు ఒక్కొక్కటి పెట్టి, వాడటం పిల్లలకీ ఆడవాళ్లకీ నేర్పించండి. వాడటం తెలియని సిలిండరు గోడకి అలంకారమే. మూడోది, మన సభ్యుల్లో ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లకి ఇద్దరు కుర్రాళ్లతో కలిసి మేమే వచ్చి ప్లగ్గులు, తీగలు, ఫ్యూజులు ఉచితంగా చూసి పెడతాం. ప్రతి ఆదివారం నాలుగిళ్లు. పేర్లు ఇవాళే కార్యదర్శిగారి దగ్గర రాయించండి.

ఖాలా ఇప్పుడు లేదు. ఆవిడ కూతురి పెళ్ళి మాత్రం అనుకున్న రోజుకే, ఇరుగుపొరుగు ఇచ్చిన బట్టలతో జరిగింది. మమ్మల్ని కూడా పిలిచింది. వెళ్లాం గాని ఆ రోజు భోజనం మాకు గొంతు దిగలేదు. ఆ తర్వాత మా షాపులో ఒక అట్ట ముక్క మీద "ఫ్యూజుకి బదులు తీగ చుట్టబడదు" అని రాసి వేలాడదీశాం. అందువల్ల కొన్ని బేరాలు పోయాయి. పోనీ అనుకున్నాం.

 ఇంటికి వెళ్లగానే మెయిన్ స్విచ్చి ఎక్కడుందో పిల్లలకి చూపించండి, ఆ తర్వాతే భోజనం అరగనివ్వండి. అల్లాహ్ మన ఇళ్లనీ, మన పొరుగువారి ఇళ్లనీ నిప్పు నుంచి కాపాడుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.